ఉక్కునగరం అమ్మాయి, ఆకాశంలో ఇనుము

ప్రశ్న: ఉక్కు కర్మాగారంలో పనిచేస్తున్నాను, గాజువాకలో ఉంటాం. ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న మా అమ్మాయి ఇంజినీరింగ్ వద్దంటోంది. ధ్రువాల మీది ఆకాశంలో లోహ అయాన్ల పొరలు ఉంటాయట, వాటిపై పరిశోధన చేస్తుందట. ఇది అన్నం పెట్టే చదువేనా?

జవాబు: మీరు కొలిమిలో చూసే ఇనుమే అండీ, కాకపోతే ఆకాశంలో ఉంది. రోజూ టన్నులకొద్దీ ఉల్కాధూళి గాలి రాపిడికి ఆవిరైపోతుంది. అందులోని ఇనుము, మెగ్నీషియం, సోడియం పరమాణువులు కొన్ని ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని అయాన్లవుతాయి. సుమారు 90 నుంచి 130 కిలోమీటర్ల ఎత్తులో, అంటే గాజువాకకు శ్రీకాకుళం ఎంత దూరమో నెత్తిమీద అంత ఎత్తున, పలుచని పొరలుగా పేరుకుంటాయి. మన వైపు ఆ పని ఎక్కువగా గాలులది: కింద ఒక దిక్కుకు, పైన మరో దిక్కుకు వీస్తూ, భూమి అయస్కాంత క్షేత్రం తోడుగా అయాన్లను మధ్యకు నెడతాయి. ధ్రువాల దగ్గర అయస్కాంత రేఖలు దాదాపు నిలువుగా ఉంటాయి కనుక ఆ కిటుకు అంతగా పారదు, విద్యుత్ క్షేత్రాల పాత్ర పెరుగుతుంది. మీ అమ్మాయిని పట్టుకున్న చిక్కుముడి బహుశా ఇదే. చెడ్డ అభిరుచేమీ కాదు.

అన్నం సంగతి. దారి పొడవైనదే: డిగ్రీ, ఎంఎస్సీ, ఆపైన పీహెచ్‌డీకి అయిదేళ్లు. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. శాస్త్రవేత్త పోస్టులు తక్కువ, దాచను. అయితే ఈ పనిలో చేతికి వచ్చేది రాడార్ సంకేతాల విశ్లేషణ, ప్రోగ్రామింగ్. అవి వేరే చోట కూడా కూడు పెడతాయి.

జేఈఈ పుస్తకాలు అటకెక్కించవద్దు. తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో బీటెక్ సీటు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతోనే వస్తుంది. సైన్స్ చదువుకు, పరిశోధనకు ఉన్న కేంద్ర సంస్థలు ఐసర్‌లకు వేరే పరీక్ష ఉంది. రెండూ కుదరకపోతే ఫిజిక్స్, గణితంతో మామూలు డిగ్రీ చేసి, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంఎస్సీకి వెళ్లవచ్చు. ధ్రువాలా కాదా అన్నది అప్పటి మాట.

అంటార్కిటికాకు పంపాలేమోనని బెంగ వద్దు. మన పరిశోధన కేంద్రాలు మైత్రి, భారతి అక్కడ ఉన్నా, ఈ రంగంలో చాలామంది నార్వేలో రాడార్ పట్టిన సమాచారాన్ని ఇక్కడ కంప్యూటర్ ముందు కూర్చునే విడదీస్తారు.

వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫిజిక్స్ వాళ్లు దశాబ్దాల కిందటే అయనావరణాన్ని (అయాన్లుండే పై గాలి పొరను), ఉల్కల జాడలను రాడార్‌తో పరిశీలించారు. ఇంటర్ పరీక్షలు కాగానే అమ్మాయిని ఒకసారి ఆ విభాగానికి తీసుకువెళ్లండి. ప్రశ్నలు మాత్రం ఆమెనే అడగనివ్వండి.