ప్రేయర్‌లో చేతులు జోడించని పిల్లలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఇంచుమించు ఒకే విషయం మీద ఉన్నాయి, స్కూల్లో పూజలు, ప్రేయర్లు, మాలలు, అందుకని మిగతావి వచ్చే నెలకి పెట్టి వీటికే జవాబు రాస్తున్నా. 31 ఏళ్ళు జిల్లా పరిషత్ స్కూళ్ళలో తెలుగు చెప్పినదాన్ని, ఈ గొడవ నాకు కొత్త కాదు.

ప్రశ్న: మా పాప ఆరో తరగతి, కాన్వెంట్‌లో చదువుతోంది. చదువు బాగుంటుందనే వేశాం. రోజూ అసెంబ్లీలో ఏసు ప్రభువు ప్రార్థన ఉంటుంది, నెలకోసారి చాపెల్‌కి తీసుకెళ్తారు. మొన్న రాత్రి పడుకోబోతూ "నాన్నా, నేనక్కడ కళ్ళు మూసుకుని ప్రేయర్ చేస్తే మన వెంకటేశ్వరస్వామికి కోపమొస్తుందా" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. స్కూలు మార్చేయమంటారా? (ఒక తండ్రి, తెనాలి)

జవాబు: ముందు పాపకి జవాబు చెప్పండి, స్కూలు సంగతి తర్వాత చూద్దాం. "కోపం రాదమ్మా, ఏ దేవుడికీ రాదు, నీకు చెయ్యాలనిపిస్తే చెయ్యి, అనిపించకపోతే ఊరికే నిలబడు, నీతో నేనున్నా" అని ఇవాళే చెప్పండి. ఆ ప్రశ్న ఎన్నాళ్ళ నుంచి మనసులో పెట్టుకుని తిరుగుతోందో పాపం, పడుకునే ముందు బయటపడిందంటే చాలా రోజులే అయ్యుంటుంది.

ఇక రూల్ సంగతి. రాజ్యాంగంలో 28వ ఆర్టికల్ మూడో క్లాజులో ఈ విషయం స్పష్టంగానే ఉంది, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూలైనా, ప్రభుత్వం నుంచి గ్రాంటు తీసుకునే స్కూలైనా, అక్కడ జరిగే మతబోధనలో గానీ ఆరాధనలో గానీ పాల్గొనమని ఎవర్నీ బలవంతపెట్టకూడదు, చిన్నపిల్లలైతే వాళ్ళ పెద్దవాళ్ళు ఒప్పుకుంటేనే. గుర్తింపు ఉన్న స్కూలు అన్నారు చూడండి, అంటే ప్రైవేట్ వాళ్ళూ అందులోకే వస్తారు. అలాగని వాళ్ళ ప్రార్థన వాళ్ళు చేసుకోకూడదని కాదు, మైనారిటీలు స్కూళ్ళు పెట్టుకుని నడుపుకునే హక్కు 30వ ఆర్టికల్ ఇచ్చింది. వాళ్ళ ప్రేయర్ వాళ్ళు చేసుకోవచ్చు, మీ పాప చేత చేయించాలంటే మాత్రం మీ అనుమతి ఉండాలి, అంతే తేడా.

అడ్మిషన్ ఫారం జిరాక్స్ ఉంటే తీసి చూడండి, ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో "స్కూలు ప్రార్థనలకు అంగీకరిస్తున్నాం" అని ఉండొచ్చు, మనం చదవకుండానే సంతకం పెట్టేస్తాం. పెట్టినా సరే వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మర్యాదగా మాట్లాడండి, చాపెల్ టైంలో పాపని లైబ్రరీలో కూచోబెట్టమని ఒక లెటర్ రాసిచ్చి కాపీ దగ్గర పెట్టుకోండి. స్కూలు మార్చాలా వద్దా అనేది వాళ్ళ జవాబుని బట్టి చూడండి. నా అనుభవంలో సిస్టర్లు చాలామంది వింటారు.

ప్రశ్న: నేను పల్నాడులో ఒక ప్రభుత్వ హైస్కూల్ టీచర్ని. వసంత పంచమికి మా స్కూల్లో సరస్వతీ పూజ చేశారు, పిల్లల దగ్గర తలా ఇరవై రూపాయలు వసూలు చేశారు. ఎనిమిదో తరగతిలో ఇద్దరు ముస్లిం పిల్లలూ ఒక క్రైస్తవ అమ్మాయీ వెనక వరండాలో నిలబడిపోయారు. మా సహోద్యోగి ఒకాయన "సరస్వతి అంటే చదువేగా, చదువుకి మతమేంటి, వచ్చి బొట్టు పెట్టించుకోమనండి" అన్నారు. నాకు మనసొప్పలేదు, కానీ గట్టిగా ఏమీ అనలేకపోయా. (ఒక ఉపాధ్యాయిని)

జవాబు: టీచర్ గారూ, మీ మనసుకి తోచిందే సరైంది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే స్కూల్లో మతబోధన అసలే ఉండకూడదని అదే 28వ ఆర్టికల్ మొదటి క్లాజులో ఉంది. పూజ బోధన కాదుగా, ఆచారం కదా అని వాదించేవాళ్ళు ఉంటారు, నిజమే, ఆ గీత ఎక్కడ గియ్యాలో కోర్టులకే కష్టంగా ఉంది. కేంద్రీయ విద్యాలయాల్లో పొద్దున చదివే "అసతోమా సద్గమయ" మీద కేసు పడితే సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జిల బెంచ్ దాన్ని 2019 జనవరిలో రాజ్యాంగ ధర్మాసనానికి పంపమంది. ఐతే మీ వరండాలో నిలబడ్డ పిల్లల సంగతి తేల్చడానికి అంత పెద్ద బెంచ్ అక్కర్లేదు.

సరస్వతి అంటే చదువే అన్న మాట అందులో పుట్టి పెరిగిన నాకు నిజమే. బాసరలో అక్షరాభ్యాసం చేయించిన కుటుంబం మాది, ఇప్పటికీ కింద పడ్డ పుస్తకం కళ్ళకద్దుకుంటాను. కానీ రేపు ఇంకొకాయన వచ్చి "ఏసు అంటే ప్రేమేగా, ప్రేమకి మతమేంటి, మోకరించండి" అంటే మీ సహోద్యోగి వాళ్ళబ్బాయిని పంపుతాడా? పంపడు కదా, అడిగి చూడండి ఆయన్ని.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది, బాగా చదివేది, పద్యాలు రాగంతో చదవమంటే ముందు చెయ్యెత్తేది. ఏటా సరస్వతీ పూజ రోజు మాత్రం రాదు. ఏడో తరగతిలో ఆబ్సెంట్ వేశా, ఎనిమిదిలోనూ వేశా, ఏంటో అని ఆలోచించలేదు. తొమ్మిదిలో కూడా రాకపోతే మర్నాడు పక్కకి పిలిచి అడిగా, జ్యామెట్రీ బాక్స్ గట్టిగా పట్టుకుని కింద చూస్తూ చెప్పింది, "ప్రసాదం వద్దంటే వీళ్ళు నవ్వుతారు టీచర్, తింటే మా అమ్మ బాధపడుద్ది." అంతే, ఇంకేం లేదు. గుప్పెడు శనగ గుగ్గిళ్ళ కోసం మూడేళ్ళు ఆ పిల్ల బడి మానేసింది, ఆ మూడేళ్ళూ రిజిస్టర్ నా చేతిలోనే ఉంది.

మరుసటి ఏడు నైవేద్యం పెట్టకముందే ఒక స్టీలు గిన్నెలో గుగ్గిళ్ళు తీసి పక్కన పెట్టా, ఇవి దేవుడి ముందు పెట్టనివి, ఎవరికి కావాలంటే వాళ్ళు తినండి అని అందరి ముందూ మామూలుగా చెప్పా. ఆ పిల్ల వచ్చింది. ఆ గిన్నె పట్టుకుని మెట్ల మీద కూచుని ఇంకో ఇద్దర్ని పిలిచి మరీ తింది. నవ్వినవాళ్ళు లేరు. ఇంత చిన్న పని నాకు మూడేళ్ళు తట్టలేదే అని ఇప్పటికీ బాధే.

మీరు స్టాఫ్ మీటింగ్‌లో పూజ ఎత్తేయమని అనలేకపోవచ్చు, అర్థమవుతుంది, కానీ ఆ ఇరవై రూపాయలు తప్పనిసరి కాదని, బొట్టు ఎవరికీ పిలిచి పెట్టొద్దని, పూజ క్లాసుల టైంలో కాకుండా బడి వదిలాక పెట్టుకుందామని అనొచ్చు. ఎవరైనా తిరగబడితే 1986 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పండి. కేరళలో ముగ్గురు పిల్లలు, వాళ్ళ మతవిశ్వాసం వల్ల జనగణమన పాడేవాళ్ళు కాదు, గౌరవంగా లేచి నిలబడేవాళ్ళు, పాడలేదని 1985లో స్కూల్నుంచి తీసేశారు. అది జాతీయగీతం, పూజ కూడా కాదు, ఐనా కోర్టు వాళ్ళని మళ్ళీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చెయ్యొద్దు అని చివర్లో రాశారు.

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి, ప్రైవేట్ స్కూల్. వాళ్ళ నాయిన తోని అయ్యప్ప మాల ఏసుకున్నడు. నల్లబట్టలు ఏసుకొని పోతే గేటు కాడనే ఆపిన్రు, ఇంటికి పంపిన్రు. మస్తు ఏడ్చిండు. మా వాడకట్టోళ్ళు పదిమంది స్కూలు మీదికి పోదామంటున్నరు. ఏం జెయ్యాలె మేడమ్? (ఒక తల్లి, కరీంనగర్ జిల్లా)

జవాబు: పదిమందితో మాత్రం వెళ్ళకండమ్మా. మీరందరూ అరిచి ఇంటికొచ్చేస్తారు, రేపు ఆ సార్ల ముందు కూచోవాల్సింది బాబు. మీరిద్దరే వెళ్ళండి, దీక్ష ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, 41 రోజులూ రాసిన లెటర్ ఇవ్వండి, మెడలో మాల, కాళ్ళకి చెప్పుల్లేకపోవడం, భుజాన నల్ల కండువా వీటికి ఒప్పుకోమనండి, చొక్కా ప్యాంటు స్కూలువే వేస్తాం అనండి. చాలా స్కూళ్ళు ఇలాగే సర్దుకుంటున్నాయి, మాల వేసుకున్న పిల్లాణ్ణి సార్లు కూడా స్వామీ అనే పిలుస్తారు.

యూనిఫాం మీద చట్టం ఇంకా ఒక కొలిక్కి రాలేదు. కర్ణాటక హిజాబ్ కేసులో 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జిలు చెరో తీర్పు ఇచ్చారు. నా అభిప్రాయం అడిగితే, మీ బాబు మాలకి ఇచ్చే వెసులుబాటే పక్క బెంచీ అమ్మాయి హిజాబ్‌కీ ఇవ్వాలి, ఆమెకి వద్దంటే ఈయనకీ వద్దనాలి, ఒక్కొక్కరికి ఒక్కో కొలత పెడితే పిల్లలు అదే నేర్చుకుంటారు. మీ వాడకట్టు వాళ్ళతో కూడా ఈ మాట అనండి.

ఇంకొకటి, బాబుని ఒంటరిగా కూచోబెట్టి అడగండి, మాల తన ఇష్టంతో వేసుకున్నాడా, నాన్న వేయించాడా అని. తెల్లారుజామున చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, మధ్యలో పరీక్షలు, పద్నాలుగేళ్ళ పిల్లాడికి తక్కువ పని కాదు. ఇష్టంతో చేస్తుంటే చక్కగా చెయ్యనివ్వండి. కాదంటే వాళ్ళ నాన్నకి మీరే చెప్పాలి.

ప్రశ్న: మేం ఇంగ్లాండులో, లెస్టర్‌లో ఉంటాం. బాబు ఇయర్ టూ, అంటే ఆరేడేళ్ళ పిల్లల క్లాసు. ఇక్కడి ప్రైమరీ స్కూల్లో రోజూ కలెక్టివ్ వర్షిప్ ఉంటుందట, వద్దనొచ్చా? వద్దంటే వీడొక్కడే వేరుగా అయిపోతాడేమో అని మా ఆవిడ భయం. (ఒక పాఠకుడు)

జవాబు: అనొచ్చు. ఇంగ్లాండులో రోజూ సామూహిక ప్రార్థన ఉండాలని 1944 చట్టంలోనే పెట్టారు, ప్రభుత్వ స్కూళ్ళలో అది ప్రధానంగా క్రైస్తవ ధోరణిలో ఉండాలని 1988లో చేర్చారు, ఐతే పిల్లల్ని అందులోంచి తప్పించే హక్కు తల్లిదండ్రులకి ఉంది, పూర్తిగా అయినా కొంత అయినా, కారణం చెప్పక్కర్లేదు. మీ ఆవిడ భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. ముందు ఒకరోజు వెళ్ళి ఆ అసెంబ్లీలో కూచుని చూస్తామని స్కూలుని అడగండి, లెస్టర్‌లో అన్ని మతాల పిల్లలూ ఉంటారు, దీపావళి గురించీ ఈద్ గురించీ కూడా మాట్లాడే స్కూళ్ళున్నాయి. చూశాక కూడా మనసొప్పకపోతే, ఆ పావుగంట బాబుని ఎక్కడ, ఎవరి దగ్గర కూచోబెడతారో ముందు కనుక్కోండి, ఆఫీసు బయట కారిడార్‌లో కుర్చీ వేస్తామంటే ఒప్పుకోకండి, అక్కడ తప్పు చేసిన పిల్లల్నే కూచోబెడతారు. మతాల గురించి చెప్పే ఆర్.ఈ. క్లాసు వేరే సంగతి, అది మాననివ్వకండి. డిసెంబర్‌లో క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్ల వేషం ఇస్తే వేయించండి, ఫోటో పంపండి.