షష్టిపూర్తి వీడియోలో కుదుపు గురించి అమ్మలుకు

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

పాత వీడియో టేపు నుంచి దుకాణంలో ఎక్కించి నువ్వు పంపిన ఫైలు నిన్న రాత్రి రెండుసార్లు చూశాను. తాతగారి షష్టిపూర్తిలో మీ నానమ్మ హారతి పళ్ళెం పట్టుకుని నడిచే చోట బొమ్మ సన్నగా కుదుపులు పడుతోంది. కూర్చున్నవాళ్ళ మీద కెమెరా నిలిచినప్పుడు ఏమీ తెలియడం లేదు. మా అమ్మ నడక నాకు తెలుసు. అంత నిదానంగా, అంత తిన్నగా నడిచే మనిషి ఇలా తడబడుతూ కనిపిస్తే నా మనసు ఊరుకోలేదు. అందుకే ఫోనులో రెండు మాటలు చెప్పి వదలకుండా ఇంత రాస్తున్నాను.

నాలుగు ఫార్మాట్లలోకి మార్చినా పోలేదన్నావు. ఐదోసారి మార్చవద్దు. అలా మార్చిన ప్రతిసారీ బొమ్మ కొంత చెడుతుంది, తప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎంపీ4, ఎంకేవీ అనే వీడియో ఫైళ్ళ రకాలు జాడీల వంటివి. పచ్చడిలో ఉప్పు ఎక్కువైతే జాడీ మార్చి లాభం లేదు కదా. లోపల ఉన్నది చూడాలి.

ముందుగా కుదుపు ఫైలులో ఉందా, ఆడించే యంత్రంలో ఉందా అన్నది తేల్చుకోవాలి. పెన్‌డ్రైవ్ నుంచి కాకుండా ఫైలును కంప్యూటర్‌లోకి ఎక్కించి, వీడియోలు ఆడించే వీఎల్‌సీ సాఫ్ట్‌వేరులో ఆడించు. చూసిన ప్రతిసారీ సరిగ్గా అవే క్షణాల్లో తడబడితే తప్పు ఫైలుదే. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే పెన్‌డ్రైవ్ నెమ్మదిగా ఉందనో, కంప్యూటర్ ఆ భారం మోయలేకపోతోందనో అనుకోవాలి. వీఎల్‌సీలోనే మీడియా సమాచారం తెరిస్తే గణాంకాల పేజీలో, చూపించలేక వదిలేసిన ఫ్రేముల (వీడియోలోని ఒక్కో విడి బొమ్మ ఒక ఫ్రేము) లెక్క కనిపిస్తుంది. అది పెరుగుతూ పోతుంటే ఫైలును తప్పు పట్టవద్దు.

నీ ఫైలుకు ఆ లెక్క సున్నా దగ్గరే నిలిచింది. అప్పుడు హారతి దగ్గర ఆపి, ఇంగ్లీషు ‘E’ అక్షరం మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేమే ముందుకు జరిపాను. పళ్ళెం అంచు మీద చూపు నిలిపి లెక్కపెట్టాను. ఐదు ఫ్రేముల్లో పళ్ళెం ఐదు చోట్ల ఉంది. ఆరోది ఐదోదానికి అచ్చు నకలు. మళ్ళీ ఐదు కదిలాయి, మళ్ళీ ఒకటి నిలిచిపోయింది. రోగం అక్కడే దొరికింది.

మన దేశంలో అమ్మిన ఆ టేపుల కాలపు కెమెరాలు పాల్ అనే టీవీ పద్ధతివి. సెకనుకు 25 ఫ్రేములు తీస్తాయి. టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించిన దుకాణంవారు దాన్ని 30కి మార్చి ఇచ్చారు. లేని ఐదు ఫ్రేములు ఎక్కడి నుంచి వస్తాయి? ఉన్నవాటినే రెండోసారి చూపించాలి. అంటే సెకనుకు ఐదుసార్లు బొమ్మ నిలబడుతుంది. మనుషులు కూర్చుని ఉంటే కన్ను పట్టదు, నడిస్తే పట్టేస్తుంది. నువ్వు చేసిన నాలుగు ఫైళ్ళూ ఆ 30 నుంచే పుట్టాయి కనుక నాలుగింటిలోనూ అదే జబ్బు.

నకలు ఫ్రేములను ఏరి తీసేసే ఉపాయం లేకపోలేదు. అయినా నేను వద్దంటాను. టేపులోని ప్రతి ఫ్రేమూ రెండు సగాలుగా ఉంటుంది, బేసి గీతలు ఒక క్షణంలోవి, సరి గీతలు మరుక్షణంలోవి. అంటే సెకనుకు 50 కదలికలు. దుకాణంవారు ఆ సగాలను కలిపేసి సగం కదలికను పోగొట్టారు. టేపు మన చేతిలో ఉండగా అంత నష్టానికి ఎందుకు ఒప్పుకోవాలి?

కనుక మళ్ళీ టేపు నుంచే మొదలుపెడదాం. మన మినీడీవీ టేపును (డీవీ అంటే డిజిటల్ వీడియో), కెమెరాను కంప్యూటర్‌కు కలిపే ఫైర్‌వైర్ కేబుల్‌తో ఎక్కిస్తే గంటకు సుమారు 13 జీబీ వస్తుంది. అదే అసలు ఫైలు, దాన్ని ఎప్పటికీ చెరపవద్దు. ఎక్కించేటప్పుడే ఫ్రేములు జారిపోతే తరువాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని తిరిగి తేలేదు. అందుకని ఆ గంటసేపు కంప్యూటర్‌లో మరో పని పెట్టుకోకూడదు.

తరువాత వీడియోను మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేరులో, వీడియోను కుదించే హెచ్.264 పద్ధతి ఎంచుకో. నాణ్యత అంకె 18కీ 20కీ మధ్య పెట్టు. సగాలను విడదీసే ఫిల్టర్‌లో ‘బాబ్’ అన్నది తీసుకుని, ఫ్రేముల వేగం 50, స్థిరమైన వేగం అని పెట్టు. ముప్పై మాట మరిచిపో. గంటంతా మార్చే ముందు హారతి ఉన్న ఒక్క నిమిషం మార్చి చూడు. పళ్ళెం అంచున దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తే ఫిల్టర్ పని చేయలేదని అర్థం. పళ్ళెం ముందుకూ వెనక్కూ ఊగితే సగాల వరుస తిరగబడిందన్నమాట. డీవీలో కింది సగం ముందు రావాలి, వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డుల్లో చాలావాటికి పై సగం ముందు.

ఆ నిమిషాన్ని టీవీలోనే చూడు. కంప్యూటర్ తెర సాధారణంగా సెకనుకు 60 సార్లు మారుతుంది. 25 గానీ 50 గానీ దానిలో సమంగా ఇమడవు, అందువల్ల మంచి ఫైలు కూడా అక్కడ కొంచెం ఊగినట్టు ఉంటుంది. మన టీవీలు 50ని చక్కగా చూపిస్తాయి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, అప్పుడు కంగారు పడవద్దు, రెండు ముక్కలు చెయ్యి.

తమ్ముడు ఫోనులో తీసిన ముక్కలను ఇందులోనే అతికిస్తానన్నావు. ఫోను వెలుగు తగ్గితే తనంతట తానే ఫ్రేముల వేగం తగ్గిస్తుంది, అందుకే అవి అతికించాక మాటకూ పెదవులకూ పొంతన ఉండదు. వాటిని ముందు స్థిరమైన వేగానికి మార్చుకో. నన్నడిగితే వాటిని విడిగానే ఉంచమంటాను.

టేపును నువ్వు ఇక అక్కడ ఏ కెమెరాలోనూ పెట్టవద్దు. చిన్న కిటికీలోంచి చూడు, తెల్లటి బూజు చుక్కలు ఉంటే ఆడించకుండా నాకు చెప్పు. వానాకాలంలో బీరువాలోంచి తీశావు కాబట్టి అడుగుతున్నాను. బూజు లేకపోతే ఆదివారం పొద్దున్నే తీసుకుని రా. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారితే చిక్కడపల్లిలో దిగవచ్చు. కెమెరా, కేబులు, ఫైర్‌వైర్ ఉన్న పాత కంప్యూటర్ మూడూ ఇంకా పని చేస్తున్నాయి. టేపును ముందు ఒకసారి చివరిదాకా పోనిచ్చి వెనక్కి చుట్టుకుందాం, అప్పుడు చుట్టు సమంగా పడుతుంది. భోజనానికి ముందే ఎక్కించడం అయిపోతుంది. హారతి ఘట్టం మీ పెద్దమ్మ కూడా చూస్తానంటోంది.

మీ పెదనాన్న