రక్షణ ‘పోతుందా’, ‘పోగొట్టుకుంటామా’?

సందేహం: మా ఊళ్లో ఒక ప్రార్థన మందిరం గోడమీద ‘ఒక్కసారి రక్షింపబడితే ఎల్లప్పుడూ రక్షింపబడినట్లే’ అని రాశారు. మా సంఘంలోనేమో ‘రక్షణ కోల్పోవచ్చు, జాగ్రత్త’ అని చెబుతారు. సిద్ధాంతం సంగతి పాస్టరు గారిని అడుగుతాను. మీరు భాష సంగతి చెప్పండి. ‘రక్షింపబడినట్లే’ అంటే రక్షింపబడ్డట్టా, కాదా? ‘రక్షణ కోల్పోవడం’ అనాలా, ‘పోగొట్టుకోవడం’ అనాలా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

సమాధానం: అమ్మా, క్రైస్తవుల మాటల్లో ‘రక్షణ’ అంటే పాపం నుంచీ దాని శిక్ష నుంచీ దేవుడిచ్చే విడుదల. ముందు గోడమీది వాక్యం చూద్దాం. తాంబూలాలు పుచ్చుకుని ముహూర్తం పెట్టుకున్నాక ‘ఇక పెళ్లి అయినట్లే’ అంటాం. తాళి కట్టాక అలా అనం, ‘పెళ్లయింది’ అంటాం. ‘అయినట్లే’ అన్నంతసేపూ ఇంకా కాస్త మిగిలి ఉందన్నమాట. ‘సంతకం పెడితే ఒప్పుకున్నట్లే’ అనేది ఇంకో రకం. నోటితో ఒప్పుకోకపోయినా ఒప్పుకున్నవాళ్ల కిందే జమ అని దాని భావం. మొదటి ‘నట్లే’ దాదాపు అని చెబుతుంది, రెండోది లెక్క చెబుతుంది. ఆ గోడమీద రాసినవారికి ఈ రెండూ అక్కర్లేదు, రక్షణ ఖాయమని చెప్పడమే వారికి కావలసింది. ఇంగ్లీషులో నాలుగు మాటల్లో ఉన్న నినాదాన్ని మాటకు మాట దించబోతే తెలుగు వాక్యం నిలబడలేదు, దాంతో ‘నట్లే’ను ఊతకర్రగా తెచ్చుకున్నారు. ఖాయం చేయాల్సిన చోటే అనుమానం దూరింది. ‘రక్షణ పొందినవాడు ఎప్పటికీ రక్షణలోనే ఉంటాడు’ అని రాసుకుంటే వారి నమ్మకం వారి వాక్యంలోకి వచ్చేది.

రెండో ప్రశ్నలో సరుకు ఎక్కువ ఉంది. పోవడం గురించి చెప్పడానికి తెలుగులో ఒక మాట కాదు, కనీసం నాలుగున్నాయి. ‘పర్సు పోయింది’ అంటే పోయిందని మాత్రమే తెలుస్తుంది, తప్పు ఎవరిదో తేలదు. ‘వరదలో ఇల్లు కోల్పోయారు’ అంటే వారి చేతిలో లేని నష్టం. అక్కడ ‘ఇల్లు పోగొట్టుకున్నారు’ అంటే వినేవాడికి ఏదోలా ఉంటుంది, పేకాటలో పెట్టారేమో అనిపిస్తుంది. ‘బస్సులో పర్సు పోగొట్టుకున్నాడు’ అంటే వాడి అజాగ్రత్త. ఆ ‘కొను’ చేరగానే బాధ్యత మనిషి నెత్తికెక్కింది. ‘ఉద్యోగం వదులుకున్నాడు’ అంటే తెలిసే చేశాడు. పత్రికల్లో ఈ మధ్య అన్నిటికీ ‘కోల్పోవు’ వాడేస్తున్నారు (ప్రాణాలు, పదవి, వికెట్లు, అన్నీ కోల్పోవడమే), అందుకే తేడా మసకబారింది.

ఇప్పుడు మీ సంఘం వారు ఏం చెప్పదలిచారో చూడండి. ‘జాగ్రత్త’ అంటున్నారంటే తప్పు మనిషిదే అని వారి భావం. అయితే ‘కోల్పోవచ్చు’ కన్నా ‘పోగొట్టుకోవచ్చు’ సరైన మాట. విశ్వాసాన్నే కాదనుకున్నవాడి గురించైతే ‘వదులుకున్నాడు’ ఇంకా సూటి మాట. అవతలి వారు ‘రక్షణ పోదు’ అని ఊరుకుంటే చాలదు. దానంతట అది పోదు అన్నమాట మీ సంఘమూ ఒప్పుకుంటుంది. మనిషి వదులుకోగలడా, లేడా అన్నదే అసలు పేచీ.

వాడుకలో ఉన్న తెలుగు బైబిల్లో యోహాను 10:28 చూడండి. తనను నమ్మినవారిని గొర్రెలుగా చెబుతూ యేసు అన్న మాట అది: ‘అవి ఎన్నటికిని నశింపవు, ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు.’ ఇక్కడి క్రియ ‘అపహరించు’, అంటే బయటివాడు లాక్కోవడం. గొర్రె తనంతట తాను వెళ్లిపోతే? ఆ మాట ‘అపహరింపడు’లో లేదని ఒక పక్షం అంటుంది. ‘ఎన్నటికిని నశింపవు’లో అదీ కలిసే ఉందని రెండో పక్షం అంటుంది. ఇద్దరూ ఒకే వాక్యంలోని రెండు క్రియలను చెరొకటి పట్టుకుని కూర్చున్నారు.

ఆ ‘నశింపవు’ వెనక గ్రీకులో ఉన్న క్రియ ‘అపొల్లుమి’. నశించడం, పోగొట్టుకోవడం, తప్పిపోవడం, అన్నిటికీ అదే. తెలుగు అనువాదకులు సందర్భాన్ని బట్టి దాన్ని విడదీశారు. లూకా 15లో యేసు చెప్పిన మూడు ఉపమానాల్లో గొర్రె ‘తప్పిపోయింది’, నాణెం ‘పోగొట్టుకొన్నది’, చిన్న కొడుకు ‘తప్పిపోయి దొరికాడు’. జాతరలో పిల్లాడు తప్పిపోతాడు, నాణెం తప్పిపోదు. ఆ వివేకానికి దండం పెట్టాలి. యోహాను 6:39లో ‘నేనేమియు పోగొట్టుకొనక’ అన్నచోటా గ్రీకులో అదే క్రియ, అక్కడ పోగొట్టుకోనివాడు క్రీస్తు. అంటే కొత్త నిబంధనలో ఈ క్రియకు ‘రక్షణ’ కర్మగా వచ్చే వాక్యం లేదు. తప్పిపోయేది మనిషి, వెతికేది యజమాని. ‘రక్షణ పోగొట్టుకొను’ అనే పదబంధం తరవాతి బోధకులు కట్టుకున్నది. తప్పని అనను, కానీ అది లేఖనపు నుడికారం కాదు.

చిక్కు ఒకటుంది. హెబ్రీ 6:6లో విశ్వాసం నుంచి పడిపోయినవారికి గ్రీకులో వేరే క్రియ ఉంది. తెలుగులో అక్కడా ‘తప్పిపోయినవారు’ అనే వేశారు. చదివేవారికి లూకాలోని కొడుకు గుర్తుకు వస్తాడు. కానీ ఆ కొడుకు తిరిగొచ్చాడు, హెబ్రీయులకు రాసిన లేఖలో వీరిని మళ్లీ తిప్పుకోవడం అసాధ్యమంటారు. అక్కడ ‘పడిపోయినవారు’ అని ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

ఈ పేచీ పాతదే. 1610లో నెదర్లాండ్స్‌లో ఆర్మీనియస్ అనే వేదాంతి అనుచరులు ఐదు అంశాల విన్నపపత్రం ఇచ్చారు. ఐదో అంశంలో, విశ్వాసి నిర్లక్ష్యం వల్ల క్రీస్తులోని జీవితాన్ని విడిచిపెట్టగలడా అన్నది లేఖనాల్లో ఇంకా పరిశీలించాలని రాసి ఆగారు. చూశారా, అక్కడా మాట పోగొట్టుకోవడానికీ వదులుకోవడానికీ మధ్యే ఊగింది. 1618–19లో అక్కడి డోర్ట్ పట్టణంలో జరిగిన సంఘ మహాసభ, దేవుడు తనవారిని కడదాకా నిలబెడతాడని తీర్మానించింది. మన దగ్గరకి కూడా సువార్త ఒకే గొంతుతో రాలేదు, వేర్వేరు ప్రొటెస్టెంట్ శాఖల వారు తెచ్చారు. మీ నెల్లూరికి 1840లో అమెరికన్ బాప్టిస్టులు, గుంటూరుకి 1842లో లూథరన్లు, మెదక్ వైపు వెస్లియన్లు వచ్చారు. నిజమైన విశ్వాసి కడదాకా నిలుస్తాడని బాప్టిస్టుల్లో చాలామంది అంటారు. పడిపోయే ప్రమాదం ఉందని లూథరన్లూ వెస్లియన్లూ అంటారు. ఒకే ఊళ్లో రెండు మాటలు వినపడటంలో వింత లేదు.

‘రక్షింపబడ్డట్టా, కాదా’ అని అడిగారు కదా, బైబిల్లో ఆ క్రియ మూడు కాలాల్లోనూ ఉంది. ఎఫెసీ 2:8లో ‘రక్షింపబడియున్నారు’, 1 కొరింథీ 1:18లో ‘రక్షింపబడుచున్న మనకు’, మత్తయి 24:13లో అంతం వరకు సహించినవాడు ‘రక్షింపబడును’. గోడమీద రాసినవారు మొదటిదాన్ని నమ్ముకున్నారు, మీ సంఘం మూడోదాన్ని. మధ్యలోని ‘చున్న’ను పెద్దగా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. పాస్టరు గారిని కలిసినప్పుడు దాని గురించి కూడా అడగండి.