సెకండ్ హ్యాండ్ కారు టెస్ట్ డ్రైవ్‌లో బాగుంది, పొద్దున స్టార్ట్ చేస్తే నీలం పొగ, చప్పుడు: కొనొచ్చా?

మొదటిసారి మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉండి ఉంటుంది, అందుకే ఏమీ బయటపడలేదు. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి కాసేపట్లో ఆగిపోతే, ఎక్కువగా వాల్వ్ సీల్స్ (ఇంజిన్ ఆయిల్ సిలిండర్‌లోకి కారకుండా ఆపే రబ్బరు సీళ్లు) అరిగినట్టే. రెండు మూడు సెకన్లు గలగలమంటే టైమింగ్ చైన్‌ను (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు) అనుమానించాలి.

అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు ఇవి చూడండి:

1. ఇంజిన్ కోడ్ (ఆ ఇంజిన్ రకానికి కంపెనీ ఇచ్చే గుర్తు), తయారీ సంవత్సరం పట్టుకుని, దానికి తెలిసిన లోపాలేమున్నాయో వెతకండి. అందరూ మోడల్ పేరుతో వెతికి ఇక్కడే పొరబడతారు. ఒకే పేరు మీద రెండు మూడు ఇంజిన్లు వస్తాయి, ఒకదాని జబ్బు ఇంకోదానికి ఉండకపోవచ్చు. పైగా కంపెనీ మధ్యలో లోపమున్న భాగాన్ని మార్చి ఉండొచ్చు, మీ బండి దానికి ముందుదా తర్వాతదా అన్నదే అసలు ప్రశ్న. ఛాసిస్ నంబర్ ఇచ్చి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం) ఏదైనా పెండింగ్ ఉందేమో కూడా కనుక్కోండి.

2. ఆయిల్ మూత లోపల మీగడలా తెల్లగా పేరుకుందా? కూలెంట్ తగ్గిందా? రెండూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ పైభాగానికీ మధ్య ఉండే సీలు) పరీక్ష చేయించండి.

3. బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ పెట్టించండి. లోపాల కోడ్స్ ఏమీ లేకపోయినా, మానిటర్లు (బండి తనను తాను చేసుకునే పరీక్షలు) చాలావరకు ‘నాట్ రెడీ’ అని చూపిస్తే ఆ కోడ్స్‌ను ఈమధ్యే చెరిపేసి ఉండొచ్చు.

చప్పుడు చైన్‌దేనని మెకానిక్ తేలిస్తే, ధర తగ్గిస్తామన్నా ఆ బండి వదిలేయండి.