బ్యాకప్ నడిచే వేళ, కరెంటు పోయే వేళ

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా అది కంప్యూటర్‌ను మందగింపజేస్తోందనీ, రాత్రి నడవవలసినది నడవడం లేదనీ, కరెంటు పోయినప్పుడు మధ్యలో ఆగిపోతోందనీ పాఠకులు రాస్తున్నారు. వాటిలో ఐదు ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మాది పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు తీసే చిన్న స్టూడియో. అక్రోనిస్ ట్రూ ఇమేజ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో బయటి హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీస్తున్నాము. త్వరగా పూర్తి కావాలని కంప్రెషన్‌ను 'మ్యాక్స్'కూ, ప్రయారిటీని 'హై'కూ మార్చాము. అయినా 300 జీబీకి రాత్రంతా పడుతోంది. పగలు పెడితే ఎడిటింగ్ సాగడం లేదు. ఏం చేయాలి?
– స్టూడియో నిర్వాహకుడు, తణుకు

జవాబు: వేగం కోసం మీరు మార్చిన రెండు అమరికలూ మీ పనికి అడ్డుపడేవే. ముందు కంప్రెషన్ సంగతి చూద్దాం. కెమెరా ఇచ్చే జేపెగ్ ఫొటోలు, ఎంపీ4 వీడియోలు అప్పటికే కుదించిన ఫైళ్లు. వాటిని ఇంకా గట్టిగా కుదించమని 'మ్యాక్స్' పెడితే, రసం తీసేసిన చెరకు పిప్పిని మళ్లీ గానుగలో పెట్టినట్టు, ప్రాసెసర్ ప్రతి ఫైలు మీదా శ్రమపడుతుంది కానీ పరిమాణం దాదాపు తగ్గదు. కంప్రెషన్‌ను 'నార్మల్'కు గానీ, ఫొటోలు, వీడియోలు తప్ప వేరే ఫైళ్లు లేకపోతే 'నన్'కు గానీ మార్చండి. ఎక్కువ కంప్రెషన్ ఉత్తరాలకు, లెక్కల పట్టికలకు, డేటాబేస్ ఫైళ్లకు పనికివస్తుంది.

ఇక ప్రయారిటీ. 'లో' అని పెడితే బ్యాకప్ ఎప్పుడూ నెమ్మదిగా నడుస్తుందన్న అపోహ చాలామందిలో ఉంది. మీరు గోదావరి డెల్టా వారు కనుక శివారు భూమిని తలచుకోండి. ఎగువ పొలాలు నీరు తీసుకుంటున్నంతసేపు శివారుకు సన్నని ధారే వస్తుంది, అక్కడ తూములు మూసిన తరువాత కాలువలోని నీరంతా శివారుదే. 'లో' ప్రయారిటీలో ఉన్న బ్యాకప్ కూడా అంతే, మీరు ఎడిటింగ్ చేస్తున్నప్పుడు ప్రాసెసర్‌ను మీ పనికి వదిలి పక్కకు తప్పుకుంటుంది, మీరు లేచి వెళ్లిన తరువాత పూర్తి వేగంతో నడుస్తుంది. కాబట్టి మీవంటి పనివారికి 'లో' అన్నదే సరైన అమరిక.

అయితే ప్రయారిటీ ప్రధానంగా ప్రాసెసర్ వాటాకు సంబంధించినది. డిస్క్ దగ్గర జరిగే తోపులాటను అది పూర్తిగా తీర్చదు. మీ ఫుటేజీ మామూలు హార్డ్ డిస్క్‌లోనే ఉండి, దాని మీదే ఎడిటింగ్ చేస్తూ దాని నుంచే బ్యాకప్ తీస్తే, డిస్క్ లోపలి ముల్లు ఈ ఫైలుకూ ఆ ఫైలుకూ మధ్య అటూ ఇటూ పరుగెత్తడంతోనే కాలం గడిచిపోతుంది. ఆ స్థితిలో ఏ అమరికా గొప్పగా ఆదుకోదు, పని లేని వేళకు బ్యాకప్‌ను జరపడమే మార్గం.

సాఫ్ట్‌వేర్‌ను అనుమానించే ముందు కేబులునూ చూడండి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో నిజంగా అందే వేగం సెకనుకు 30 నుంచి 40 ఎంబీ మాత్రమే. అంటే 300 జీబీకి రెండు గంటలకు పైగా పడుతుంది. అదే డిస్క్‌ను యూఎస్‌బీ 3.0 పోర్టుకు తగిలిస్తే సెకనుకు సుమారు 100 ఎంబీ చొప్పున, గంట లోపే పూర్తి కావచ్చు. చాలా కంప్యూటర్లలో ఆ పోర్టు లోపలి పట్టీ నీలం రంగులో ఉంటుంది. బ్యాకప్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ప్రాసెసర్ నిండుగా ఉండి డిస్క్ ఖాళీగా కనిపిస్తే తప్పు కంప్రెషన్‌ది, డిస్క్ 100 శాతం దగ్గర ఉండి ప్రాసెసర్ ఖాళీగా కనిపిస్తే డిస్క్‌దో కేబులుదో. అన్నిటికీ మించి, ప్రతిసారీ పూర్తి బ్యాకప్ తీయకుండా, మొదటిసారి మాత్రమే పూర్తిగా తీసి, తరువాత మారిన, కొత్తగా చేరిన వాటిని మాత్రమే తీసే ఇంక్రిమెంటల్ పద్ధతికి మారండి. ఒక పెళ్లికి సంబంధించిన ఫైళ్లు చేరడానికి అప్పుడు ఒక రాత్రి అవసరం ఉండదు.

ప్రశ్న: మాది జీఎస్టీ రిటర్నులు వేసే కార్యాలయం. టాలీ లెక్కల సాఫ్ట్‌వేర్ డేటాను క్లౌడ్‌లోకి పంపే బ్యాకప్ పగలు నడిచినప్పుడు ఇంటర్నెట్ స్తంభించిపోతోంది. 11వ తేదీ, 20వ తేదీ దగ్గరపడినప్పుడు దాన్ని ఆపేస్తున్నాము. ఇది సరైనదేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: జీఎస్టీ రిటర్నులైన జీఎస్టీఆర్-1, జీఎస్టీఆర్-3బీల గడువులు దగ్గరపడిన రోజుల్లోనే మీ డేటా అన్నిటికంటే ఎక్కువగా మారుతుంది, కనుక ఆ రోజుల్లో బ్యాకప్ ఆపడం మాత్రం సరి కాదు. ఆపే బదులు పగ్గం వేయండి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో అప్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టే చోటు ఉంటుంది. మీ కనెక్షన్ అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ (సెకనుకు 10 మెగాబిట్లు) అనుకుంటే, అది సెకనుకు ఒకటింపావు ఎంబీ (మెగాబైటు) మాత్రమే. ఆ లెక్కన 100 జీబీ వెళ్లడానికి 22 గంటలకు పైగా పడుతుంది. మెగాబిట్టుకూ మెగాబైటుకూ మధ్య ఉన్న ఎనిమిది రెట్ల తేడాను మరచిపోవడం వల్లనే చాలామంది రాత్రికి రాత్రే అయిపోతుందని అంచనా వేసుకుంటారు. కార్యాలయ వేళల్లో మీ వేగంలో మూడో వంతుకు మించకుండా పరిమితి పెట్టి, రాత్రికి ఆ పరిమితి ఎత్తివేయండి. మొదటి పూర్తి బ్యాకప్‌ను మాత్రం ఒక శనివారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారమంతా నడవనివ్వండి.

తెరిచి ఉన్న ఫైళ్ల గురించి కూడా చెప్పాలి. విండోస్‌లోని షాడో కాపీ అనే సౌకర్యం వాడుకలో ఉన్న ఫైళ్లకు కూడా ఒక క్షణపు నకలు తీయనిస్తుంది. అయితే పని మధ్యలో కరెంటు పోతే డిస్క్ మీద ఫైలు ఏ స్థితిలో ఉంటుందో, ఆ నకలు కూడా చాలా సందర్భాల్లో అదే స్థితిలో ఉంటుంది. అందువల్ల రోజుకు ఒక్కటైనా టాలీని అందరూ మూసిన తరువాత తీసిన బ్యాకప్ ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ప్రశ్న: మ్యాక్‌బుక్‌లో బ్యాకప్ తీసే టైమ్ మెషిన్ గంటకోసారి నడుస్తోంది. బ్యాటరీ త్వరగా అయిపోతుందని భయం.
– ఒక విద్యార్థిని, బెంగళూరు

జవాబు: టైమ్ మెషిన్ ఐచ్ఛికాలలో బ్యాటరీ మీద ఉన్నప్పుడు కూడా బ్యాకప్ తీయమనే అమరిక ఉంటుంది. అది ఆపి ఉంటే ఛార్జర్ పెట్టినప్పుడే నడుస్తుంది. 2022లో వచ్చిన మ్యాక్ ఓఎస్ వెంచురా నుంచి గంటకోసారికి బదులు రోజుకోసారి, వారానికోసారి అని కూడా ఎంచుకోవచ్చు. రోజూ హాస్టల్ గదిలో ఛార్జింగ్ పెట్టే అలవాటుంటే రోజుకోసారి చాలు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. విండోస్ ల్యాప్‌టాప్‌లో రాత్రి రెండు గంటలకు బ్యాకప్ పెట్టాను. చాలా రోజులు నడవలేదు. ఒకసారి ప్రయాణంలో సంచి తెరిస్తే ల్యాప్‌టాప్ వేడిగా కాలుతోంది. కారణం ఏమిటి?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: మాస్టారూ, మీరు చెప్పిన రెండింటికీ మూలం ఒకటే కావచ్చు. నిద్రపోతున్న కంప్యూటర్‌ను నిర్ణీత వేళకు లేపే వేక్ టైమర్లు మీకు కావలసిన చోట పని చేయడం లేదు, వద్దన్న చోట చేస్తున్నాయి.

మొదట తెలుసుకోవలసినది ఏమిటంటే, వేక్ టైమర్ స్లీప్‌లో ఉన్న కంప్యూటర్‌ను లేపగలదు కానీ షట్‌డౌన్ చేసిన దాన్ని లేపలేదు. మీరు రాత్రి షట్‌డౌన్ చేసి పడుకుంటే రెండు గంటలకు ఏమీ జరగదు. స్లీప్‌లోనే ఉంచినా, పడుకునే ముందు గోడ స్విచ్చులన్నీ ఆపే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఛార్జర్ స్విచ్చు కూడా వాటితో పాటే ఆగిపోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదకు వెళుతుంది. నిర్ణీత వేళకు పనులు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో కొత్త పనికి 'కండిషన్స్' అనే పేజీలో ఛార్జర్ మీద ఉంటేనే మొదలుపెట్టాలన్న గడికి ముందుగానే టిక్కు ఉంటుంది. ఆ నిబంధన ప్రకారం మీ బ్యాకప్ మొదలు కాకుండా ఆగి ఉంటుంది.

సంచిలో వేడెక్కడానికి కారణం దీనికి తలకిందులు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో స్లీప్ కింద 'అలౌ వేక్ టైమర్స్' చూడండి. అక్కడ బ్యాటరీకి, ఛార్జర్‌కు విడివిడిగా రెండు వరుసలు ఉంటాయి. బ్యాటరీ వరుసలో 'డిసేబుల్', ఛార్జర్ వరుసలో 'ఎనేబుల్' పెట్టండి. గాలి ఆడని సంచిలో మూత వేసి ఉన్న ల్యాప్‌టాప్ తనంతట తాను లేవడం బ్యాటరీకి హాని చేస్తుంది కనుక ఈ ఒక్క మార్పును ఈరోజే చేయమని కోరుతున్నాను. అది నిజంగా టైమర్ వల్లనే లేచిందో లేదో తెలుసుకోవాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ చిట్టా తెరిచి, పవర్ ట్రబుల్‌షూటర్ పేరుతో ఉన్న నమోదును చూడండి. నిద్రపోయిన వేళ, లేచిన వేళ, వాటి కింద లేపినది ఏదో రాసి ఉంటుంది.

మీకు రాత్రి రెండు గంటలు అసలు అవసరమా అన్నది కూడా ఆలోచించండి. ఎవరూ వాడని వేళ అని ఆఫీసుల కోసం పుట్టిన అలవాటు అది. ఒక్కరే వాడే ల్యాప్‌టాప్‌కు, మీరు సాయంత్రం ఛార్జింగ్ పెట్టి వార్తలు చూసే ఏడు గంటల వేళ ఇంకా నయం. దానితో పాటు షెడ్యూలర్ 'సెట్టింగ్స్' పేజీలో, వేళ తప్పితే వీలైనంత త్వరగా నడపమనే గడికి టిక్కు పెట్టండి. అప్పుడు ఒక సాయంత్రం ఊళ్లో లేకపోయినా, మరునాడు ల్యాప్‌టాప్ తెరిచి ఛార్జర్ పెట్టిన తరువాత ఆ పని పూర్తవుతుంది.

ప్రశ్న: 'బ్యాటరీ మీద ఉంటే బ్యాకప్ ఆపు' అని పెట్టాను. ఇంట్లో ఇన్వర్టర్ కూడా ఉంది. అయినా కరెంటు పోయినప్పుడల్లా బ్యాకప్ విఫలమవుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఇన్వర్టర్ మీద నడుస్తున్నామన్న సంగతి కంప్యూటర్‌కు తెలియదు. దానికి ప్లగ్గులో కరెంటు వస్తూనే ఉంటుంది, కనుక మీరు పెట్టిన నిబంధన వర్తించదు. యూఎస్‌బీ కేబులుతో కంప్యూటర్‌కు తగిలించగల యూపీఎస్ అయితే విండోస్ దాన్ని బ్యాటరీగా గుర్తిస్తుంది, అప్పుడు ఆ నిబంధన అక్షరాలా అమలవుతుంది. డెస్క్‌టాప్ ఉన్నవారు ఇన్వర్టర్ ఉన్నా అలాంటి చిన్న యూపీఎస్ ఒకటి కొనడం దండుగ కాదు.

మీ ఇంట్లో అసలు కారణం ఇంకొకటి కావచ్చు. అరచేతిలో పట్టే చిన్న బయటి డిస్క్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది. 3.5 అంగుళాల పెద్ద డిస్క్‌కు మాత్రం సొంత అడాప్టర్ ఉంటుంది. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైను కొన్ని ప్లగ్గులకే వేస్తారు. ల్యాప్‌టాప్ ఆ ప్లగ్గులో, డిస్క్ అడాప్టర్ మామూలు ప్లగ్గులో ఉంటే, కరెంటు పోయిన క్షణంలో డిస్క్ టిక్కుమని ఆగిపోతుంది, ల్యాప్‌టాప్ మాత్రం ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉంటుంది. రాస్తున్న ఫైలు సగంలో తెగిపోతుంది. మెయిన్ స్విచ్చు ఒకసారి ఆపి ఏ ప్లగ్గులు బతికి ఉన్నాయో చూసి, రెండింటినీ వాటికే మార్చండి. ఆ పరీక్ష బ్యాకప్ నడవని సమయంలో, డిస్క్‌ను సక్రమంగా ఎజెక్ట్ చేసిన తరువాత చేయండి. ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ స్విచ్చు ఉంటే దాన్ని ఆ మోడ్‌లోకి మార్చండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే జాప్యం కొంత ఎక్కువగా ఉండి, డెస్క్‌టాపులూ అడాప్టర్ డిస్కులూ ఆ కొద్ది క్షణాలకే ఆగిపోవచ్చు.

తెగిపోయిన బ్యాకప్‌ల విషయంలో, సాఫ్ట్‌వేర్‌లోని 'వ్యాలిడేట్' లేదా 'వెరిఫై' ఆజ్ఞతో పాత బ్యాకప్ మొత్తాన్ని ఒకసారి తనిఖీ చేయించండి. ఇంక్రిమెంటల్ వరుసలో నడిమి భాగం ఒకటి పాడైతే దాని తరువాతివేవీ అక్కరకు రావు. తప్పు కనిపిస్తే పాతదాన్ని వెంటనే తుడిచివేయకుండా, డిస్క్‌లో చోటు చూసుకుని కొత్తగా ఒక పూర్తి బ్యాకప్ మొదలుపెట్టండి. అది పూర్తయి, అందులోంచి రెండు మూడు ఫైళ్లు వెనక్కు తీసి తెరిచి చూసిన తరువాతే పాతదాన్ని తొలగించండి.