రెండు భుజాలు తెలిస్తే లంబకోణ త్రిభుజంలో కోణం ఎలా కనుక్కోవాలి?

ముందు కావలసిన కోణాన్ని గుర్తు పెట్టుకోండి. దానికి ఎదురుగా ఉన్నది ఎదుటి భుజం, ఆనుకుని ఉన్నది ఆసన్న భుజం, లంబకోణానికి ఎదురుగా ఉన్నది కర్ణం. కోణం మారితే ఎదుటి, ఆసన్న భుజాలు తారుమారవుతాయి. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఎదుటి భుజం, కర్ణం తెలిస్తే సైన్ (ఎదుటి ÷ కర్ణం). ఆసన్న భుజం, కర్ణం తెలిస్తే కాస్ (ఆసన్న ÷ కర్ణం). కర్ణం తెలియకపోతే ట్యాన్ (ఎదుటి ÷ ఆసన్న).

నల్లగొండలో డిసెంబర్ 21న, పన్నెండు దాటాక పది నిమిషాలకు, మీటరు కర్రను నిటారుగా నిలబెడితే నీడ దాదాపు 85 సెంటీమీటర్లు పడుతుంది. సూర్యుడు ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు? కావలసిన కోణం నీడ కొన దగ్గర ఉంటుంది కాబట్టి కర్ర ఎదుటి భుజం, నీడ ఆసన్న భుజం. 100 ÷ 85 = 1.176. ట్యాన్ 45° విలువ 1, ట్యాన్ 60° విలువ 1.732, కాబట్టి కోణం ఈ రెంటి మధ్యే ఉండాలి. క్యాలిక్యులేటర్‌లో షిఫ్ట్, ట్యాన్ నొక్కి 1.176 ఇస్తే 49.6° వస్తుంది.

దీన్ని ఇంకో దారిలోనూ సరిచూడొచ్చు, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది: నల్లగొండ అక్షాంశం సుమారు 17°, ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు 23.4° దక్షిణాన ఉంటాడు. 90 − 17 − 23.4 = 49.6!

మిగిలిన కోణం 90 − 49.6 = 40.4°. జవాబు 49.6కు బదులు 0.866 అని వస్తే క్యాలిక్యులేటర్ రేడియన్లలో (కోణాన్ని కొలిచే మరో ప్రమాణం) ఉంది, డిగ్రీలకు మార్చండి.