డిష్ కొన్న మా అన్నయ్య కొడుక్కి నాలుగు మాటలు

నాన్నా,

శాటిలైట్ నుంచి నేరుగా నెట్ అందుకునే చిన్న డిష్, స్టార్‌లింక్ మినీ కొన్నానని, ఇక ఏ కొండ మీద కూర్చున్నా ఆఫీసు పని చేసుకోవచ్చని నువ్వు ఫోన్‌లో చెబుతుంటే నాకూ సంతోషమేసింది. వచ్చే హరికేన్ సీజన్‌లో, తుఫాను చోట్లకి నెట్ పట్టుకెళ్లే మా వాలంటీర్లతో వస్తానన్నావు చూడు, ఆ మాటకి ఇంకా సంతోషించాను. ఆ డబ్బా గురించి నాకు తెలిసినవి ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని ఊడ్చేసినప్పుడు నానమ్మా తాతయ్యా అక్కడ, నేనిక్కడ అమెరికాలో, షార్లెట్‌లో. ఎన్నిసార్లు చేసినా ఫోన్ రింగవదు. మూడో రోజు పక్క వీధాయన ఎక్కడో సిగ్నల్ దొరికి ‘అందరూ బాగున్నారు’ అని మెసేజ్ పెట్టాడు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. తుఫాను తర్వాత నెట్ ఎందుకని ఎవరైనా అడిగితే నాకు ఆ రెండు ముక్కల మెసేజే గుర్తొస్తుంది. నువ్వు డిష్ పట్టుకుని వెళ్లేది అలాంటి మెసేజ్ చేర్చడానికని గుర్తుపెట్టుకో.

2024 సెప్టెంబర్ 26 రాత్రి హెలీన్ హరికేన్ ఫ్లోరిడాలో తీరం దాటింది. తెల్లారేసరికి మన నార్త్ కరోలినా పడమటి కొండల్లో వరద. పిజియన్ నది ఐ-40 హైవేనే కోసేసింది. ఫైబర్ కేబుళ్లు రోడ్ల వెంట, వంతెనల కింద వెళ్తాయి కదా, రోడ్డుతో పాటే అవీ పోయాయి. నిలబడ్డ టవర్లకి కరెంటు లేదు. మేం నలుగురం ఆషెవిల్ దగ్గర ఒక చర్చికి పాత పెద్ద డిష్ తీసుకెళ్లి పొద్దున ఏడింటికి పెట్టాం. మధ్యాహ్నం ఒంటిగంటకి బ్యాటరీ ఖాళీ! డిష్ 70 వాట్లు లాగుతోంది, దానికి ఇన్వర్టర్ నష్టం తోడు. మాది 500 వాట్-అవర్ల బ్యాటరీ, ఇక ఎంతసేపని వస్తుంది? బయల్దేరేముందు ఆ భాగహారం నేను చెయ్యలేదు. మళ్లీ ఛార్జ్ అయ్యేదాకా వరుసలో నిలబడ్డవాళ్ల మొహాలు చూడలేకపోయాను.

నీ మినీ 25 నుంచి 40 వాట్లతో సరిపెట్టుకుంటుంది. అంత బ్యాటరీ మీదే దాదాపు పన్నెండు గంటలు రావాలి, ఇన్వర్టర్ వాడకుండా నేరుగా డీసీ కేబుల్ పెడితే. యూఎస్‌బీ-సీ పవర్‌బ్యాంక్ అయితే 100 వాట్లది కొను, కేబుల్ కూడా అంత మోసేదే ఉండాలి. తక్కువదైతే డిష్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది, నువ్వు డిష్ పాడైందని టెన్షన్ పడతావు. జనరేటర్ తీసుకెళ్తే అది ఆరుబయటే, కిటికీలకి దూరంగా. వర్షం పడుతోందని గ్యారేజీలోకి లాగొద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు, తుఫాను దాటి బతికినవాళ్లని కూడా చంపుతుంది.

ఇక ఆకాశం. పాత తరహా శాటిలైట్లు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒక్కచోటే కనిపించేవి, మాట వెళ్లి రావడానికే అర సెకను పైన పట్టేది. స్టార్‌లింక్‌వి 500 కిలోమీటర్లకి అటూఇటూగా తిరుగుతుంటాయి కాబట్టే వీడియో మీటింగ్ సాధ్యమవుతోంది. కానీ తిరుగుతున్నాయి కనక డిష్ ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూనే ఉండాలి. మధ్యలో ఒక్క ఓక్ కొమ్మ అడ్డొస్తే రెండు మూడు సెకన్లు లైన్ పోతుంది. మెయిల్ చూసుకుంటే అది తెలియదు. మీటింగ్‌లో మాట్లాడుతుంటే సరిగ్గా నీ వంతు వచ్చినప్పుడే గొంతు ఆగిపోతుంది. అందుకే టెంట్ ఎక్కడ వెయ్యాలో చూసుకునే ముందు యాప్‌లో అడ్డంకులు చూసే ఆప్షన్ తెరిచి ఫోన్‌ని ఆకాశం చుట్టూ తిప్పు. మినీతో పాటు వచ్చే కేబుల్ 15 మీటర్లు, డిష్ ఎండలో ఉండి నువ్వు నీడలో కూర్చోవచ్చు. కుండపోత వానలో సిగ్నల్ తగ్గుతుంది, అప్పుడు దాంతో కుస్తీ పట్టకు.

ఆఫీసు వాళ్లకి ముందే చెప్పు. డిష్ మీంచి లాగిన్ అయితే నువ్వు ఏ అట్లాంటాలోనో ఉన్నట్టు వాళ్ల సిస్టమ్‌కి కనిపించొచ్చు, అకౌంట్ లాక్ అవుతుంది. ముఖ్యమైన మీటింగ్ రోజున సెల్ సిగ్నల్ ఉన్న ఊరికి దగ్గర్లో ఉండు. 2025 జులై 24న స్టార్‌లింకే ప్రపంచమంతటా రెండున్నర గంటల పాటు ఆగిపోయింది, తెలుసుగా.

వరద చోటికి వెళ్తే మాత్రం ముందు కౌంటీ ఎమర్జెన్సీ వాళ్లని అడుగు. వాళ్లు రమ్మంటేనే, నీ తిండి, నీళ్లు, పెట్రోలు నువ్వే పట్టుకుని వెళ్లు. ఆషెవిల్ చర్చి దగ్గర మేం వైఫై పాస్‌వర్డ్ అట్టముక్క మీద రాసి పెట్టగానే నలభై ఫోన్లు ఎక్కాయి. ప్రతి ఫోనూ వారం రోజుల ఫోటోలు బ్యాకప్ చెయ్యడం మొదలుపెట్టింది, ఎవరికీ కాల్ కలవలేదు. అప్పుడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి బ్యాకప్ ఆపించి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై, టవర్ లేకుండా వైఫై మీంచే కాల్ వెళ్లేలా వైఫై కాలింగ్ ఆన్ చేయించాం. అలా చేస్తే టవర్ కోసం వెతుక్కుంటూ ఫోన్ ఛార్జ్ తగలెయ్యదు. ఒక పెద్దావిడ జిప్‌లాక్ కవర్లోంచి ఫోన్ తీసింది, ఛార్జ్ నాలుగు శాతం, వేళ్ల నిండా ఎండిన బురద. స్క్రీన్ ఆ వేళ్లని గుర్తుపట్టడం లేదు. నేనే నంబర్ నొక్కి ఇచ్చాను. అవతల కూతురు ‘అమ్మా, నువ్వేనా?’ అన్నది నాకు వినబడింది. ఆవిడకి వెంటనే మాట రాలేదు.

నీ వైఫై కాలింగ్‌లో ఎమర్జెన్సీ నంబర్ 911 కోసం అడ్రస్ అడుగుతుంది, ఇప్పుడే నింపు. అవతలివాళ్లకి ఆ ఇంటి అడ్రసే కనిపించొచ్చు కనక ఫోన్ ఎత్తగానే నువ్వెక్కడున్నావో నోటితో చెప్పాలి.

సంక్రాంతికి ఇండియా వెళ్లేటప్పుడు మాత్రం దాన్ని సూట్‌కేసులో పెట్టకు. అక్కడ టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దొరికినా కేసే.

ఈ శనివారం ఇంట్లో మోడెమ్ పీకేసి, పొద్దుటి నుంచి బ్యాటరీ మీద మినీతోనే ఉండండి. అమ్మాయి లాప్‌టాప్ కూడా దానికే కలపండి. ఎన్ని గంటలు వచ్చిందో, ఎక్కడ తెగిందో కాగితం మీద రాయి. రాత్రి తొమ్మిదింటికి దాని మీంచే నాకు వైఫై కాల్ చెయ్యి. మేలుకునే ఉంటాను.

మీ బాబాయి